కంఠతా పట్టిన సైకిల్ షాపు

ఆ రోజుల్లో మాకు చదువంటే కంఠతా పట్టడమే. పద్యమైనా, ఎక్కమైనా, మా బట్టల కొట్లో చీరల ధరలైనా నోటికి రాకపోతే రానట్టే లెక్క. పదో తరగతిలో లెక్కలు పోయి (అర్థం చేసుకోవలసిన సబ్జెక్టు అదొక్కటే, పాపం) పటమటలో ఇంటిపట్టున ఉన్న నాకు మా బాబాయి ఒక పుస్తకం తెచ్చిచ్చాడు. వెబ్ పేజీలు తయారుచేయడం మొదటి నుంచీ నేర్పే పుస్తకం. గవర్నర్‌పేటలో ఆయనకు తెలిసినాయన దుకాణాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతున్నారట, పని వచ్చిన పిల్ల ఉంటే తీసుకుంటామన్నారట. "ఒక్కసారి పంపిస్తా. కుదరలేదో, మర్నాటి నుంచి కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టాలి, మళ్లీ ఈ ఊసెత్తకూడదు" అన్నారు నాన్న. చీరల మడతంటే నాకు చచ్చేంత విసుగు.

అంతే, పుస్తకం మీద పడ్డాను. ఇంట్లో కంప్యూటర్ లేదు కనుక (బాబాయి ఎప్పుడైనా నెట్ సెంటర్‌కు తీసుకెళితే కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కోవడం నేర్చుకున్నాను) మిగతా చదువంతా వంటింట్లోనే. ఆ పాఠాల్లో మాటలకు అటూ ఇటూ కోసుగా ఉండే గుర్తులుంటాయి. వాటికి కొక్కేలని పేరు పెట్టుకున్నాను. చపాతీలు ఒత్తుతూ "కొక్కెం, హెచ్ ఒకటి, కొక్కెం మూత" అని వల్లిస్తుంటే నానమ్మ పక్కన చేరి కళ్లు మూసుకునేది.

"ఏ దేవుడిదే అది?"

"కంప్యూటర్‌ది నానమ్మా."

"ఎవరిదైతేనేం, ఆపకు. చెవికి ఇంపుగా ఉంది."

పాఠాలన్నీ నోటికొచ్చాక ఒకరోజు బాబాయి నన్ను గవర్నర్‌పేట ఆఫీసు మెట్ల దగ్గర దింపి తన పని మీద వెళ్లాడు. ఓనరుగారు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "ఒక స్వీట్ల దుకాణానికి పేజీ రాసి చూపించమ్మా" అన్నారు. పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద పాఠం సైకిల్ షాపుది. ఒక్క చుక్క పొల్లుపోకుండా దించేశాను. తెర మీద 'మా సైకిల్ షాపుకు స్వాగతం' అని ఎర్రటి అక్షరాలతో ఇంగ్లీషులో వెలిగింది.

"చూడకుండానే రాసేశావా!" ఆయన నోరు తెరిచి, పక్క గదిలో కుర్రాళ్లను కూడా పిలిచారు. "బ్రహ్మాండం. ఇప్పుడు సైకిళ్లు తీసేసి స్వీట్లు పెట్టు."

"ఆ పాఠంలో స్వీట్లు లేవండీ."

గది గొల్లుమంది. "పోనీలెండి సార్, స్వీట్లను సైకిల్ మీద పెట్టుకుని అమ్ముకోమందాం!" అన్నాడొకడు.

"నువ్వుండవయ్యా" అని అతన్ని కసిరి, ఓనరుగారు నాతో మెల్లగా అన్నారు: "ఇంత గుర్తుపెట్టుకున్నదానివి, ఒక్క మాట మార్చలేవా? కాసేపు అలా బయట తిరిగి ఆలోచించుకో. ఆరింటి దాకా ఇక్కడే ఉంటాను. తట్టిందా, వచ్చి చెయ్యి. రేపటి నుంచే పనిలోకి రావచ్చు."

నాకు ఆ మాటలకన్నా నవ్వులే ఎక్కువ వినిపించాయి. కిందికి దిగి, కనబడిన సిటీ బస్సెక్కేశాను. బందరు రోడ్డు మీద సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు, ఒక పెయింటరు నిచ్చెనెక్కి దుకాణం బోర్డు తుడుస్తున్నాడు. అంచులూ, పూలతీగా అలాగే ఉంచి మధ్యలో పేరొక్కటే చెరిపి కొత్తది రాస్తున్నాడు. అప్పుడు తట్టింది. కొక్కేల లోపలిది కంప్యూటర్ కోసం, బయటిది మనుషుల కోసం! ఆ బయట మనిష్టం వచ్చింది రాసుకోవచ్చు!

"స్వీట్లు!" అని అరిచాను.

"ఎక్కడమ్మా?" అంది పక్క సీటావిడ, కిటికీలోంచి తొంగిచూస్తూ.

అప్పటికి ఐదు కూడా కాలేదు. దిగి నడిచినా అందుకునేదాన్ని. కానీ మళ్లీ ఆ కుర్రాళ్ల ముందుకు ఏ మొహంతో వెళ్లను? పైగా (ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది) టిక్కెట్టు పటమట దాకా తీసుకున్నాను కదా, వృథా పోదూ? ఈ తర్జనభర్జన తేలేలోపు బస్సు బెంజి సర్కిల్ దాటి పటమట చేరిపోయింది.

మర్నాడు కొట్లో కూర్చున్నాను. ఇన్నేళ్లకు, నా చేతి మడతలా ఇంకెవరికీ రాదని మా వాళ్లే ఒప్పుకుంటారు. అయినా బందరు రోడ్డున వెళ్లేటప్పుడు ఏదో ఒక సిటీ బస్సు కిటికీ పక్కన ఆ పిల్ల కూర్చుని ఉన్నట్టే ఉంటుంది: కళ్లనిండా వెలుగు, గుప్పిట్లో నలిగిన టిక్కెట్టు. నవ్వొస్తుంది. దగ్గరికెళ్లి భుజం తట్టి, "దిగవే పిచ్చిమొహమా, ఇంకా టైముంది" అని చెప్పాలనిపిస్తుంది.