కాలు పెట్టొద్దన్న పలక

నిలబడి తెడ్డు వేసుకుంటూ పోవడానికి నేను ఒక పలక చేయించుకున్నాను. ఈ రోజు తెచ్చుకుందామని నీళ్ల ఒడ్డుకు పోతే, దాని మీద కాలు పెట్టొద్దన్నాడు మా ఊరి వడ్రంగి, వడ్ల బ్రహ్మయ్య తాత.

మా చెలక, అంటే మా మెట్ట చేను, సాగర్ నీళ్లకు అవతల ఉంది. పుట్టి నడిపేవాళ్లు మనుషులు నిండితే తప్ప కదలరు. ఎదురుచూసి చూసి విసుగొచ్చి, నా బరువుకు సరిపోయేలా, కింద ఖాళీ నూనె డబ్బాలు బిగించి పలక చేయమన్నాను. తాత జీవితమంతా దర్వాజలు, గడపలు చేసిన మనిషి. పని అవగానే అలవాటు కొద్దీ పలక నిండా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేశాడు.

"గిప్పుడు ఇది లక్ష్మి బిడ్డా. తొక్కితే పాపం తగుల్తది," అన్నాడు.

"మరి నేనెట్ల పోవాలె తాతా?"

"జర కూసోని పో."

"కూసుంటే ఏం గనవడ్తది? నిలవడితేనే గదా నా చెలకల మేకలు పడ్డది గనవడేది!"

ఒడ్డున ఉన్నవాళ్లంతా తాత వైపే మాట్లాడారు. ఆడది నీళ్ల మీద నిలబడటమేమిటని ఒకాయన గొణిగాడు కూడా. నేను వంగి పలకను తాకి కళ్లకద్దుకున్నాను. ఆ తర్వాత రెండు కాళ్లూ దాని మీదే పెట్టి తెడ్డు వేశాను. మధ్యలో ఒకసారి తూలాను గానీ కూర్చోలేదు.

అవతలి ఒడ్డున దిగి చూసుకుంటే, తడి పాదాల నిండా పసుపు. కోపమొచ్చిన లక్ష్మి ఎవరికైనా కాళ్లకు పసుపు రాసి పంపుతుందా? మీరే చెప్పండి.