మగ్గం గుంట, ఎదురింటి సోఫా

ఇప్పటి పిల్లల స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూలు చూస్తే నాకు కొంచెం అసూయగా ఉంటుంది. పైన ఇస్త్రీ చొక్కా, కింద నైట్ ప్యాంటు, ల్యాప్‌టాప్ ముందు పావుగంట కూర్చుంటే పని అయిపోతుంది. నేను డిగ్రీ మూడో ఏడు చదివే ఆ రోజుల్లో (మరీ రాతియుగం కాదు, చేతిలో స్మార్ట్‌ఫోనే ఉండేది, దాని అద్దం మాత్రం మూడు చోట్ల పగిలి ఉండేది) ఎమ్మెస్సీ చదవడానికి సాయం చేసే ఒక ట్రస్టువాళ్ళు మార్కులు చూసి, వ్యాసం రాయించి, ఫోన్‌లో ప్రశ్నలడిగి, ఇంకా తృప్తి పడక, చివరికి ఇంటికి మనిషిని పంపేవాళ్ళు. మొదటి మూడు గండాలూ నేను ఎలా గట్టెక్కానో నాకే తెలియదు. నాలుగోదాని గురించి ఒక ఈమెయిల్ వచ్చింది. ఆదివారం పదకొండు గంటలకు మా ప్రతినిధి మీ ఇంటికి వస్తారు, దరఖాస్తులో రాసినదానికీ ఇంట్లో కనబడేదానికీ తేడా ఉంటే దరఖాస్తు రద్దవుతుంది అని అందులో ఉంది. ఆ చివరి వాక్యాన్ని నేను వారం రోజులు అన్నం తింటూ, బస్సెక్కుతూ, దిగుతూ చదువుకున్నాను.

అంత భయం ఎందుకంటే, ఆ స్కాలర్‌షిప్పు రాకపోతే నేను ఎక్కడికి వెళ్ళాలో అప్పటికే నిర్ణయం అయిపోయింది. మా మామ (అమ్మ తమ్ముడు) బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో సూపర్‌వైజరు. మా బంధువర్గంలో మెడలో ఐడీ కార్డు వేసుకునే మనిషి ఆయనొక్కడే కాబట్టి (ఆదివారాల్లో కూడా వేసుకునేవాడు) ఆఫీసు వ్యవహారం ఏదైనా ఆయన మాటే వేదం. "పరీక్షలు అయినంక ఒకటో తారీకు వచ్చి చేరమని చెప్పినాను పాపా. కుర్చీలో కూర్చోని చేసే పని. బోల్టులు లెక్కపెట్టుకుంటే సాలు. నీకు లెక్కలంటే ఇష్టమే కదా" అని ఆయన ప్రేమగానే చెప్పాడు. నాకు ఇష్టమైన లెక్కల్లో బోల్టులు ఉండవని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని స్కాలర్‌షిప్పు రావాలని మా వీధిలో ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

మా ఇల్లు నేతగాళ్ళ పేటలో ఒక వఠారంలో ఉండేది. వఠారమంటే ఒకే వాకిలి, ఒకే కొళాయి, ఎనిమిది ఇళ్ళు. మాది ఒక హాలూ, ఒక వంటగదీ. ఆ హాలు మధ్యలో మా తాత కాళ్ళు దించుకుని బట్ట నేసిన గుంట మగ్గం తాలూకు గుంట ఉండేది. తాత పోయాక మగ్గం విప్పేశారు. నాయన పవర్‌లూమ్ షెడ్డులో పనికి కుదిరాడు (ఆ చప్పుడులో మాట్లాడి లాభం లేదని తెలుసుకుని, ఇంట్లో కూడా మాట్లాడడం మానేశాడు). గుంటను మాత్రం అవ్వ పూడ్చనివ్వలేదు. నేను పదో తరగతి నుంచి ఆ గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టుకుని, ముందర ఒక చెక్క పలక అడ్డంగా వేసుకుని చదువుకునేదాన్ని. ఇంట్లో ఎవరూ నా మీదుగా దాటకుండా ఉండే చోటు అదొక్కటే. ఎండాకాలం కాళ్ళకు చల్లగా కూడా ఉండేది. ట్రస్టువాళ్ళు "మీరు చదువుకునే చోటు" అని వ్యాసం అడిగితే నేను ఆ గుంట గురించే రెండు పేజీలు ఇంగ్లీషులో రాశాను. ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు. నేనూ చెప్పలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు రేషన్ కార్డూ మార్క్స్ కార్డులూ జెరాక్స్ తీయించడానికి బయలుదేరాను. ఆదివారం కదా, తెరిచిన షాపు దొరకడానికి నాలుగు వీధులు తిరగాల్సి వచ్చింది. దొరికిన షాపులో మిషను ప్రతి కాపీకి ఒకసారి అలిగింది. చెమటలు కక్కుతూ పదిన్నర దాటాక ఇంటికొచ్చి గడపలో నిలబడిపోయాను. ఒక్క క్షణం వేరేవాళ్ళింటికి వచ్చానేమో అనుకున్నాను. హాల్లో మెరూన్ రంగు సోఫా, దానికి ఇంకా ప్లాస్టిక్ కవరు. గోడవారగా ఫ్రిజ్జు. కిటికీకి కొత్త కర్టెను. నాయన పెళ్ళికి కుట్టించుకున్న చొక్కాలో బిగుసుకుని నిలబడి ఉన్నాడు. గుంట కనబడలేదు.

"ఇదంతా ఎవరిది?" అని అడిగాను.

"ఎదురింటి అత్తది" అంది అమ్మ, ఘనకార్యం చేసినంత సంతోషంగా. "అడిగిందే తడవు, ఆయమ్మ ఇచ్చేసింది."

"మొగం అట్ల పెట్టుకోవద్దు పాపా" అన్నాడు మామ, ఐడీ కార్డు సర్దుకుంటూ. "అంత దూరం నుంచి వచ్చే మనిషిని యాడ కూర్చోబెట్టేది? నీ గుంటలోనా? మర్యాదస్తుల ఇల్లని తెలిస్తేనే కదా ఇచ్చేవాళ్ళకి ఇవ్వబుద్ధి అయ్యేది."

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. వాళ్ళను తిట్టడానికి కూడా లేదు. మా వఠారంలో ఎవరింటికి కొత్త మనిషి వచ్చినా తక్కిన ఏడిళ్ళ నుంచి మంచి కుర్చీ, మంచి కప్పులు, మంచి దుప్పటి ఆ ఇంటికి చేరేవి. ఇల్లు బోసిగా కనబడితే అవమానం ఆ ఇంటిది కాదు, వఠారానిది. మా ఎదురింటి ఫ్రిజ్జు అంతకుముందే రెండు ఇళ్ళలో అతిథి మర్యాదలు చేసొచ్చింది. నేనే చిన్నప్పుడు ఎన్నో కుర్చీలు మోశాను. అయితే ఆ మర్యాదల్లో ఏదీ అంతవరకూ "తేడా ఉంటే రద్దు" అనే ఈమెయిల్‌కు ఎదురుపడలేదు. వ్యాసంలో నేను రాసిన ఇల్లు వేరు, ఇప్పుడు కళ్ళ ముందు ఉన్న ఇల్లు వేరు. "మామా, నేను గుంట గురించి రాసేశాను" అని చెప్పాను. మామ ముఖం ఒక్కసారి పాలిపోయింది. "సుమ్నే ఉండు, ఊరికే కంగారు పడొద్దు, దాని గురించి అడగరులే" అన్నాడు. "గుంట మీద ప్లైవుడ్ వేసినాం. సోఫా కాళ్ళు మూడు గచ్చు మీద ఉండాయి, ఒకటి ప్లైవుడ్ మీద ఉండాది. ఆ మూల ఎవురూ కూర్చోకుండా చూసుకుంటే సాలు."

మూలన చాప మీద కూర్చున్న అవ్వ ఇదంతా చూస్తూ తమలపాకులు తుడుచుకుంటోంది. నోరెత్తవద్దని ఆమెకు ముందే చెప్పి పెట్టారట. వచ్చే ఆమె ఎలాగూ ఇంగ్లీషే మాట్లాడుతుంది, అవ్వకు అది రాదు కాబట్టి ఆ వైపు నుంచి ప్రమాదం లేదని మామ లెక్క.

పదకొండుకు రెండు నిమిషాల ముందే మేడమ్ వచ్చింది. నూలు చీర, భుజాన సంచి, చేతిలో నల్ల నోట్‌బుక్. హూడిలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తూ ఆదివారాలు ట్రస్టు కోసం తిరుగుతుందట. చెప్పులు విడిచి లోపలికి వస్తూనే, "హలో అండి, మాది గుంటూరు. తెలుగులోనే మాట్లాడుకుందామా, కంఫర్టబుల్‌గా ఉంటుంది" అంది. మామ అవ్వ వైపు చూశాడు. నేను సోఫా వైపు చూశాను. మేడమ్ తిన్నగా వెళ్ళి ప్లైవుడ్ మీద కాలున్న మూలనే కూర్చుంది.

కిర్రుమంది. తర్వాతి ఇరవై నిమిషాల్లో ఆమె ఏం అడిగిందో, నేనేం చెప్పానో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆమె కాగితం తీయడానికి వంగినప్పుడల్లా కిర్రు. కాఫీ అందుకున్నప్పుడల్లా కిర్రు. కిర్రుమన్నప్పుడల్లా నాయన ఒక చెయ్యి ముందుకు చాచి మళ్ళీ వెనక్కి తీసుకునేవాడు. ట్రస్టు ప్రతినిధిని గుంటలో పడేసిన అభ్యర్థిగా నా పేరు చరిత్రలో నిలిచిపోతుందేమోనని నేను సోఫా కాలు వైపే చూస్తూ ఉండిపోయాను. బట్టీ పట్టిన జవాబులన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. "గణితమే ఎందుకు ఎంచుకున్నారు?" అంటే "మా నాయన పవర్‌లూమ్‌లో పనిచేస్తారు" అన్నాను. ఆమె అదే రాసుకుంది.

అంతలో ఎదురింటి అత్త గిన్నె పట్టుకుని లోపలికొచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా ఫ్రిజ్జు తెరిచి, దోసె పిండి గిన్నెలోకి వంచుకుని, తలుపు మూసింది (ఫ్రిజ్జుతో పాటు లోపలి సామాను కూడా మా ఇంటికి వచ్చిందని నాకప్పుడే తెలిసింది). పోతూ పోతూ మేడమ్ చేతిలో కాఫీ గ్లాసును చూసి ఆగింది. "మెల్లిగా తాగమ్మా, సోఫా మీద ఒలికితే మరక పోదు" అని మెత్తగా చెప్పి వెళ్ళిపోయింది.

"ఆవిడ ఎవరండీ?" అంది మేడమ్.

"మా ఇంటి మనిషే" అంది అమ్మ. అది అబద్ధం కాదు. కానీ మేడమ్ ఫ్రిజ్జు వైపు ఒకసారి, సోఫా ప్లాస్టిక్ కవరు వైపు ఒకసారి చూసి, సంచిలోంచి రెండు కాగితాలు తీసింది. దూరం నుంచే గుర్తుపట్టాను. నా వ్యాసం.

"ఈ ఎస్సే నాకు చాలా నచ్చింది" అంది. "లూమ్ పిట్‌లో కాళ్ళు పెట్టుకుని చదువుకుంటానని రాశారు కదా. అది ఒకసారి చూడొచ్చా?"

వాకిట్లో కొళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు వినబడింది. చివరికి మామ గొంతు సవరించుకున్నాడు. "అదా మేడమ్, అది... మొన్ననే పూడ్చేసినాం. బేజారు మేడమ్, దోమలు."

మేడమ్ "ఓహో" అని నోట్‌బుక్ తెరిచింది. పెన్ను కదలడం చూస్తూ నిలబడ్డాను. నాకు ఎమ్మెస్సీ కనబడలేదు, పట్టా కనబడలేదు. బొమ్మసంద్రలో ఒక కుర్చీ, దాని ముందు డబ్బాల నిండా బోల్టులు కనబడ్డాయి. నిజం రాసింది నేనే, ఇప్పుడు అబద్ధాలకోరుగా మిగలబోయేదీ నేనే. నోరు తెరిచి చెప్పేద్దామంటే, మామను నలుగురిలో అబద్ధమాడినవాడిగా నిలబెట్టాలి. ఆ పనికి నాకు నోరు రాలేదు.

"పూడ్చేదానికి అది ఎవురి గుంట?" అంది అవ్వ మూలనుంచి. తమలపాకు పక్కన పెట్టింది. "నా మొగుడు నలభై ఏండ్లు కాళ్ళు పెట్టిన గుంట. యాడికీ పోలేదు. నువ్వు కూర్చోనుండావే తల్లీ, నీ కిందనే ఉండాది."

మేడమ్ మెల్లగా కిందికి చూసింది. తర్వాత ఇంకా మెల్లగా లేచి నిలబడింది. కిర్రుమంది.

ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. నాయనా మామా చెరో వైపు పట్టి సోఫా జరిపారు. ప్లైవుడ్ లేపారు. ఇంట్లో చూపించకూడదనుకున్నవన్నీ ఆ గుంటలోనే ఉన్నాయి. కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, అవ్వ బొంత, మసిబట్టిన స్టవ్వు, పాత కర్టెను, నా పుస్తకాల మూట. ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే నాకు భూమిలోకి పోవాలనిపించింది, దానికి తగిన గుంట కూడా ఎదురుగానే ఉంది. అంతా ఖాళీ అయ్యాక గుంట గోడలు కనబడ్డాయి. వాటి నిండా నా సుద్దముక్క రాతలు. పలక మీద చోటు చాలనప్పుడు వంగి గోడ మీద లెక్కలు చేసేదాన్ని. మూడేళ్ళ డిగ్రీ లెక్కలు ఒకదాని మీద ఒకటి తెల్లగా ఉన్నాయి.

మేడమ్ మోకాళ్ళ మీద కూర్చుని వాటిని చాలాసేపు చూసింది. "నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు" అంది. "మీరు కూర్చుని చెప్పండి."

కూర్చున్నాను. కాళ్ళు లోపలికి దించగానే అరికాళ్ళకు ఆ చల్లదనం తగిలింది. బట్టీ పట్టిన ఇంగ్లీషు వదిలేసి తెలుగులో చెప్పాను. ఈ లెక్క ఎక్కడ ఆగిపోయింది, ఎమ్మెస్సీలో ఏం చదివితే ముందుకు పోతుంది, అది తెలియకపోతే నాకెందుకు మనసు ఊరుకోదు. ఎంతసేపు చెప్పానో తెలియదు. తలెత్తి చూస్తే వాకిట్లో వఠారమంతా నిలబడి ఉంది. అందరికంటే ముందు ఎదురింటి అత్త, తన సోఫాను మరిచిపోయి, దోసె గరిటెతో నిలబడి వింటోంది.

ఫలితానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో మామ ఒక్కసారి కూడా మా ఇంటికి రాలేదు. ఈమెయిల్ వచ్చిన సాయంత్రం మాత్రం స్వీట్ డబ్బాతో వచ్చి, అందరికీ పంచి, "నేను ఆ సోఫా వేయించినందుకే కదా, ఆయమ్మ గుంట చూడాలని పట్టుబట్టింది" అన్నాడు. అవ్వ రెండు మైసూర్‌పాకులు తీసుకుని, "ఆ బోల్టులు ఎవురితోనన్నా లెక్కపెట్టించు పో" అంది.

అవ్వ ఇప్పుడు లేదు. వఠారం పడగొట్టి నాలుగంతస్తులు కట్టారు. మా గుంట ఉన్న చోట ఎవరివో స్కూటర్లు నిలబెడుతున్నారు. నేను ఒక కాలేజీలో లెక్కలు చెప్తున్నాను. మంచి బల్లా కుర్చీ ఉన్నాయి, కానీ కష్టమైన లెక్క వచ్చినప్పుడు నా కాళ్ళు ఇప్పటికీ బల్ల కింద ఇంకొంచెం లోతు కోసం వెతుక్కుంటాయి. ఆదివారాలు అదే ట్రస్టు కోసం నోట్‌బుక్ పట్టుకుని నేనూ ఇళ్ళు తిరుగుతాను. మొన్న అత్తిబెలెలో ఒక ఇంటికి వెళ్ళాను. తళతళలాడే సోఫా, పక్కన ఫ్రిజ్జు. దాని వైరు ప్లగ్గులో పెట్టకుండా వెనక్కి చుట్టి ఉంది. డిగ్రీ చదివే ఆ ఇంటి పిల్ల ఫైలు గుండెలకు అదుముకుని చెమటలు కక్కుతోంది. "నువ్వు ఎక్కడ కూర్చుని చదువుకుంటావమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల అమ్మ వైపు చూసింది, అమ్మ కర్టెను వైపు చూసింది. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. తమలపాకులు తుడుచుకునే మనిషి ఎవరైనా ఉన్నారేమోనని మూలల్లోకి చూశాను. ఎవరూ లేరు. అందుకని నేనే నోట్‌బుక్ మూసి, సోఫా దిగి, ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను.