బండిని మాట్లాడనీ

ఆ వీధిలో కారు వింత చప్పుడు చేసిందంటే బానెట్ ఎత్తి చూసుకునే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. తిన్నగా మేస్త్రి షెడ్డుకే తోలుకొచ్చేవాళ్ళు. చెవుల మేస్త్రి అని పేరు ఆయనకు. చెవులేమీ చేటలంత లేవు, మామూలువే. పైగా ఒకదాని మీద ఎప్పుడూ గ్రీజు మరక. తాళం తిప్పమని చెప్పి, తల ఓ పక్కకు వాల్చి, కళ్ళు మూసుకునేవాడు. టకటకమని ఆగిపోతే బ్యాటరీ. గరగరమంటే స్టార్టర్ పళ్ళు అరిగాయి. అంతే, తేల్చేసేవాడు. ఎవరైనా ఆత్రం పట్టలేక "ఇదిగో మేస్త్రీ, ఇలా బుర్రుమంటోంది" అని నోటితో చేసి చూపించబోతే కసురుకునేవాడు.

"నువ్వుండవయ్యా! బండిని మాట్లాడనీ."

అలాంటి మనిషి ఈమధ్య కొత్త వరస పట్టాడు. ఎవరొచ్చినా సరే, ముందు "నోటితో చేసి చూపించు" అంటాడు. ఇస్త్రీ చొక్కాల ఉద్యోగస్తులు, కళ్ళజోళ్ళ పంతులమ్మలు షెడ్డు ముందు నిలబడి మూతులు సున్నాలా చుట్టి గుర్రు, కిర్రు, బుస్సు అంటుంటే, ఎదురుకొట్టు మంగలి సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చి చూసేవాడు. వీధికంతా అదో వేడుక.

మేస్త్రి పెళ్ళానికి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఆవిడకు అసలు సంగతి తెలుసు. ఓ రోజు కుక్కర్ ఇల్లెగిరిపోయేలా కూతలు పెడుతుంటే, దాని పక్కనే కూర్చున్న మొగుడు తాపీగా గోళ్ళలో మురికి తీసుకుంటున్నాడు. చూసి అక్కడే నిలబడిపోయింది. లావు గొంతులు ఆయనకు బాగానే వినపడతాయి. సన్నవే జారిపోతున్నాయి. ఇంజన్ సన్నగా కీచుమంటే ఆయనకు అందదు. అదే మనిషి నోట్లోంచి వస్తే కాస్త లావెక్కి వస్తుంది గనక పట్టుకుంటున్నాడు. చెప్పేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. చెవుల మీద బతికే మనిషికి ఆ చెవులే పోతున్నాయని ఎలా చెబుతుంది? చెబితే ఆ మనిషి మళ్ళీ షెడ్డు తలుపు తీస్తాడా? మింగేసి ఊరుకుంది.

అలా రోజులు దొర్లుతుండగా ఆవిడ తమ్ముడు వచ్చాడు. టాక్సీ తోలుతాడు. ఒక్క క్షణం నోరు మూసుకునే రకం కాదు. ఆ రోజు మాత్రం బుగ్గ బూరెలా ఉబ్బి, పళ్ళ సందున దూది కుక్కుకుని దిగాడు. ముందుపన్ను పీకించుకుని తిన్నగా ఇటే వచ్చాడు.

"బావా, పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద తాళం తిప్పగానే ఒకటే గోల. కాస్త వేడెక్కితే ఆగిపోతుంది. ఎక్కినవాళ్ళు దిగిపోతున్నారు బావా."

"చేసి చూపించు."

వాడు పాపం కీచుమందామనే చూశాడు. పన్ను లేదు, పైన దూది. ఫుస్స్‌స్ మని గాలి పోయింది.

"ఓస్, ఇంతేనా! సైలెన్సర్ గొట్టం దగ్గర జాయింటు పోయింది. రాత్రికి బండి ఇక్కడే వదిలెయ్యి" అన్నాడు మేస్త్రి. కిందకు దూరి చూస్తే జాయింటు నల్లగా మాడి ఉంది కూడా. అంత ముసలి బండికి మాడని జాయింటు ఏముంటుంది గనక! మార్చేశాడు.

తెల్లారింది. బావమరిది వచ్చి సీట్లో కూర్చున్నాడు. మంగలి కత్తి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. తాళం తిప్పేసరికి ఆ బండి కీ...చ్‌మని వీధి చివర దాకా వినపడేలా అరిచింది. గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. మేస్త్రి మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, తల ఓ పక్కకు వాల్చి, హాయిగా నవ్వాడు.

"చూశావా? ఎంత నెమ్మదిగా ఉందో! పెళ్ళికూతురు నడిచొచ్చినట్టు లేదూ?"

మంగలి తల దించుకున్నాడు. తమ్ముడు బండి ఆపేసి, షెడ్డు వెనకింటి గుమ్మంలో నిలబడ్డ అక్క వంక చూశాడు. ఇక మింగడానికి ఆవిడ దగ్గరేమీ మిగల్లేదు. గబగబా వచ్చి మొగుడి మణికట్టు పట్టుకుని, బానెట్ కిందికి వంగి, ఆ అరుపు వచ్చిన చోటే, ఆగిపోయిన బెల్టు మీద ఆయన వేలు పెట్టించింది.

ఆ వేలికి ఒకరు చెప్పక్కర్లేదు. బెల్టు గాజులా నున్నబడి ఉంది. కొంచెం నొక్కితే లోపలికి దిగబడిపోతోంది. జారే బెల్టు ఎలా అరుస్తుందో ఆయనకు తెలియనిదా? ముందు బావమరిది మొహం చూశాడు, తర్వాత మంగలి మొహం, చివరికి పెళ్ళాం మొహం. పాత టైరు మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నించి తెలుసే నీకు?"

"కుక్కర్ పక్కన కూర్చుని గోళ్ళు గిల్లుకున్నావే, అప్పట్నించి."

"చెప్పొచ్చు కదా."

"చెప్తే వినే మొహమేనా అది?"

తమ్ముడు దూది అడ్డంపెట్టుకునే కిసుక్కుమన్నాడు. మేస్త్రి నవ్వలేదు. గ్రీజు చేతులతోనే మొహం తుడుచుకుని లేచి, కొత్త బెల్టు తెచ్చి బిగించాడు. వేలితో నొక్కి చూశాడు, సరిపోయింది. అయినా తాళం తిప్పమనడానికి ఆయనకు నోరు రాలేదు.

"నువ్వు విను" అన్నాడు పెళ్ళాంతో.

"నాకేం తెలుసయ్యా?"

"విను, అంతే."

తమ్ముడు తాళం తిప్పాడు. బండి అందుకుంది. మేస్త్రి ఇంజన్ వంక చూడలేదు. పెళ్ళాం కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ చివరిదాకా విని, "లేదు. అసలు లేదు" అంది. అప్పుడు వదిలాడు ఊపిరి.

ఆ మధ్యాహ్నమే పంతులమ్మ కారొకటి వచ్చింది. ఆవిడ అలవాటుగా మూతి సున్నా చుట్టబోయింది.

"మీరు కాదమ్మా. తాళం తిప్పండి. ఏమే, ఒకసారిటు రా!"

మేస్త్రి పెళ్ళాం తడి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తల ఓ పక్కకు వాల్చి కళ్ళు మూసుకుంది. ఎదురుగా మంగలి, సబ్బు నురగతో వాడి బేరం, అందరూ చూస్తున్నారు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా విన్నదాన్ని మూతి సున్నా చుట్టి కుయ్‌య్ మని చేసి చూపించింది.

"సాగుతోందా, టక్కున తెగుతోందా? సాగితే ఎంతసేపు?" మేస్త్రికి ఆగట్లేదు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వుండవయ్యా! బండిని మాట్లాడనీ."