నాయన బండికి పెద్ద పిస్టన్

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు రోజూ బండి మీద పోయి వస్తాను. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ల్యాబులో నా ఉద్యోగం. తడి గుడ్డలో పెట్టిన గింజల్లో ఎన్ని మొలిచాయో, ఎన్ని మొలవలేదో చూడడం నా పని. ఆ పని ఓపికగానే చేస్తాను. రోడ్డెక్కితే మాత్రం ఆ ఓపిక ఎటు పోతుందో నాకే తెలియదు.

ఎందుకంటే నేను దాటిన ప్రతి మగవాడూ నన్ను మళ్ళీ దాటుతాడు. అంతవరకు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రోడ్డు మామగారు రాసిచ్చినట్టు తీరుబడిగా పోతుంటాడు. నేను పక్కనుంచి ముందుకు పోగానే, అప్పటిదాకా లేని తొందర పుట్టుకొస్తుంది. ఫోను జేబులోకి పోతుంది. నడుము వంగుతుంది. హారన్ మోగుతుంది. నన్ను దాటి, ఒకసారి వెనక్కి చూసి, మళ్ళీ నెమ్మదిస్తాడు. నేను మళ్ళీ వాడి వెనక. శిరివెళ్ల దాకా ఇదే ఆట. ఒకాయన వెనక భార్యను, ఆమె ఒళ్లో పిల్లను, ముందర టమోటా గంపను పెట్టుకుని మరీ దాటాడు. ఆ పిల్ల నాకు చేయి ఊపింది. నేనూ ఊపాను కానీ కడుపు మండిపోయింది.

నాది నాయన బండి. మోకాలు అరిగి కిక్కు కొట్టలేని రోజు వచ్చాక, తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. చిన్న ఇంజను. స్కూటీ కొనుక్కోమని ఇంట్లో చెప్పారు, కంపెనీలో చెప్పారు, చివరికి పెట్రోలు బంకులో పైపు పట్టుకున్న మనిషి కూడా చెప్పాడు. నాకు గేర్ల బండే కావాలి, అందులోనూ ఇదే కావాలి. కాకపోతే స్పీడు అరవై దాటాక ఎంత తిప్పినా అరుపే తప్ప పరుగు ఉండదు. ఇంజను లోపలి గోడ చెక్కి, బోరు పెంచి పెద్ద పిస్టన్ వేయిస్తే సత్తువ వస్తుందని ఎవరో అన్నారు. ఆ మాట తలలో దూరింది, ఇక నన్ను నిలవనీయలేదు.

బోరు కొట్టిస్తానని చెప్పినప్పుడు మా అత్త చేటలో కందిబేడలు చెరుగుతోంది.

“మళ్ళీ యాడ ఏపిస్తారే? ఏసినేవి ఎండిపాయె గదా,” అంది.

ఆమెకు బోరంటే చేలో వేసే బోరే. ఇది బండికి అని చెప్తే, “దానికి గూడా నీళ్లు సాలకపాయెనా,” అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

నా పక్కన నిలబడింది మా ఆయన ఒక్కడే. నాకు సొంత మేనబావ. ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి ఉంది. నాకంటే పెద్ద బండి ఉంది. నేను సాయంత్రం వచ్చి రోడ్డు మీద జరిగినవన్నీ చెప్తుంటే నాకంటే ఎక్కువ కోపం తెచ్చుకునేవాడు. “కొట్టిచ్చు మే. నిన్ను దాటినోళ్లనంతా దాటి సూపీ. నువ్వెందుకు తగ్గల్ల?” అన్నాడు. ఆ రాత్రి వాడి మీద నాకు చాలా ప్రేమ కలిగింది.

నంద్యాలలో లేత్ పనిచేసే ఒక భాయ్ దగ్గరికి బండి తీసుకుపోయాను. ఇంజను విప్పి, పిస్టన్ ఆడే బ్లాకును వెలుతురుకు పెట్టి చూశాడు.

“ఇంతకు ముందే బోరు కొట్టినారు మా. గోడ ఇంగ కొంచెమే ఉంది,” అన్నాడు.

“పెద్ద పిస్టన్ పడుతుందా భాయ్?”

“పడతాది. పట్టేంత చెక్కుతా. పికప్ బాగొస్తాది. కానీ గోడ పల్చనైతాది. ఎండల్లో ఏడెక్కి పిస్టన్ పట్టేసిందంటే బ్లాకు పోయినట్టే. ఈ మాడలుకు కొత్తది దొరకడంల్యా. ఇంగ పాత ఇనుముకే.”

“చెక్కకపోతే?”

“పిస్టన్ రింగులు మాత్రం మారుస్తా. ఇంగ శానా ఏండ్లు తిరుగుతాది. నిదానంగా.”

ఆ నిదానం అనే మాటే నాకు పడలేదు. బయటికి వచ్చాను, మళ్ళీ లోపలికి పోయాను. టీ తెప్పించుకుని తాగకుండా వదిలేశాను. ఈ బండి పోతే నాకు మిగిలేది బస్సు, లేదంటే మా ఆయన వెనక సీటు. చేతిలో ఉన్నది పోగొట్టుకుంటానేమోనని భయం. ఉన్నదానితో రోజూ వెనకబడి పోవడమంటే కంపరం. నాయనకు ఫోను చేయలేదు. చేస్తే రింగులు చాలమ్మా అంటాడని తెలుసు. మా ఆయనకు చేశాను. “ఇంగా ఆలోచిస్తాండావా? కొట్టిచ్చుపో,” అన్నాడు. లోపలికి పోయి చెక్కమన్నాను.

బోరు కొట్టించిన బండిని మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటించకూడదట. లోపల పిస్టన్ సర్దుకోవాలట. సత్తువ కోసం గోడ చెక్కించుకున్న నేను, నంద్యాల రోడ్డు మీద అందరికంటే వెనక పోయాను. పాలక్యాన్ల మోపెడ్ మనిషి కూడా దాటాడు, పైగా బండి చెడిందా అని అడిగాడు. పళ్లు నూరుకుంటూ పోయి, పళ్లు నూరుకుంటూ వచ్చాను.

ఆ గడువు తీరిన పొద్దున మా ఆయనకూ నంద్యాలలో పని పడింది. రెండు బండ్ల మీద బయలుదేరాం. ఊరు దాటాక వాడు ముందర తీరికగా పోతున్నాడు. నేను యాక్సిలరేటర్ తిప్పాను. బండి అరవలేదు, సాగింది. నాకు ఒళ్లంతా సంతోషం. మొదట దాటేది నావాణ్ణే కావడం ఇంకా బాగుందనిపించింది. పక్కకు పోగానే చేయి ఊపి ముందుకు పోయాను. నవ్వుతుంటాడనుకుని అద్దంలో చూశాను.

నడుము వంచి వస్తున్నాడు. హారన్ కొట్టాడు. నా వైపు చూడకుండా నన్ను దాటాడు. కొంచెం దూరం పోయి, ఒకసారి వెనక్కి చూసి, నెమ్మదించాడు.

శిరివెళ్ల దగ్గర టీ హోటలు ముందు ఆపుకుని నిలబడి ఉన్నాడు. రెండు టీలు చెప్పాడు.

“బండి బానే పోతాంది గదా,” అన్నాడు.

“నన్నెందుకు దాటినావు బావా?”

వాడు గ్లాసులోకి చూశాడు. “దాటాలని గాదు మే. చెయ్యి దానంతటదే తిరిగింది.”

అది అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఊరివాళ్ల మీద నాతో కలిసి కోపం తెచ్చుకున్నవాడికి తన చేతిలో ఏముందో తెలియలేదు. అంతవరకు నాకూ తెలియలేదు.

“సరే, ఇప్పుడు నువ్వు ముందు పో. నేను నిదానంగా వస్తా,” అన్నాడు. మంచిగానే అన్నాడు.

“నువ్వు పంపిస్తే పోయేదానికా నేను బోరు కొట్టిచ్చింది?”

టీ అక్కడే పెట్టి కిక్కు కొట్టాను. బండి బాగా పోయింది. చాలామందిని దాటాను, వాళ్లలో ఎవరూ నన్ను మళ్ళీ అందుకోలేదు. వాడు వస్తున్నాడా అని అద్దంలో చూడకూడదనుకున్నాను. నంద్యాల వచ్చేదాకా చూస్తూనే పోయాను.