పాఠం ముందే అయిపోయిన డెమో క్లాసు

2024 నవంబరు. శ్రీకాకుళంలో ప్రాథమిక పాఠశాలల టీచర్లకు ఇంగ్లీషు బోధన మీద ఐదు రోజుల శిక్షణ. నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఇలాంటి శిక్షణలు పెట్టినప్పుడల్లా నన్ను రిసోర్స్ పర్సన్‌గా వేస్తారు. అంటే టీచర్లకు టీచరునన్నమాట. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, ఏళ్ల తరబడి పిల్లల్ని అదిలించినవాళ్లని కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఎంత కష్టమో పడే నాకే తెలుసు. వెనక వరసలో కబుర్లు, చేతుల్లో ఫోన్లు, టీతో పాటు పకోడీ ఉందా లేదా అన్న వాకబు. పిల్లలే నయం.

ఆ బ్యాచ్‌లో నరసమ్మగారని ఒకావిడ. ఆమదాలవలస వైపు ఒక పల్లెబడిలో పనిచేసేవారు. సర్వీసంతా తెలుగు మీడియంలోనే గడిచింది. బడి ఇంగ్లీషు మీడియం అయ్యాక ఆవిడకు కంటి మీద కునుకు లేదు. మొదటి రోజు అందరూ లేచి తమ గురించి రెండు ముక్కలు ఇంగ్లీషులో చెప్పాలి. ఆవిడ లేచి పేరు చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని కూలబడిపోయారు. టీ విరామంలో నా దగ్గరికి వచ్చారు.

"మేడంగారండీ, నా వల్ల కాదండి. పిల్లలంటే నాకు పానం, ఈ ఇంగ్లీషంటే బయ్యిం. ఈ ట్రైనింగవ్వగానే వీఆర్‌ఎస్ పెట్టీసి ఇంటికాడ కూకుంటాను."

వీఆర్‌ఎస్ అంటే గడువు ఉండగానే మనంతట మనం ఉద్యోగం మానుకోవడం. ఆవిడకు ఇంకా చాలా సర్వీసు మిగిలే ఉంది.

"ఎందుకండీ అంత తొందర? ఆఖరి రోజు డెమో క్లాసుంది కదా, అది అయ్యాక చూద్దాం," అన్నాను, ఏదో ఓదార్పుగా.

"అలగే కానీండి. ఆ డెమోలో నోరు పెగిలితే ఉంటాను, పెగలకపోతే పోతాను. మీరే సాచ్చికం."

నేను నోటికొచ్చిన మాట అంటే, ఆవిడ దాని మీద ఉద్యోగాన్నే పందెం కాసేశారు!

డెమో అంటే ముక్కూ మొహం తెలియని పిల్లలకు, తోటి టీచర్లు వెనక కూర్చుని చూస్తుండగా, ఒక పాఠం చెప్పి చూపించడం. మాకు కళింగపట్నం దగ్గర మత్స్యకారుల పల్లెలో ఒక బడి ఇచ్చారు. నాలుగో తరగతి. పాఠం సముద్రతీరం గురించి. ఇక డెమోలకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరూ ఒప్పుకోరు, చాలామంది చేస్తారు. ముందురోజే ఆ బడికి వెళ్లి, పాఠం మొత్తం పిల్లలకు బట్టీ పట్టించి రావడం. నరసమ్మగారు కూడా వెళ్లారట, బాగా చెబితే బిస్కట్లు ఇస్తానని ఆశ పెట్టి మరీ వచ్చారట.

డెమో రోజు ఆవిడ "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అన్నారో లేదో, పిల్లలు లేచి, "గుడ్ మార్నింగ్ టీచర్, హౌ ఆర్ యూ టీచర్, అయామ్ ఫైన్ టీచర్, థాంక్యూ టీచర్" అని ఆవిడ వాటా కూడా కలిపి అప్పజెప్పేసి కూర్చున్నారు. ఆవిడ బొమ్మల కార్డుల కోసం సంచిలో చెయ్యి పెట్టారు. కార్డు బయటికి రాకముందే "ఇట్ ఈజ్ ఎ బోట్!" మళ్లీ చెయ్యి పెడితే "ఇట్ ఈజ్ ఎ నెట్!" మూడోసారి పొరపాటున పీత బొమ్మ వచ్చింది. పుట్టినప్పటి నుంచీ పీతల్ని చూస్తున్న పిల్లలు గొంతు చించుకుని, "ఇట్ ఈజ్ ఎ ఫిష్!" అన్నారు.

అలా గడగడా చదివేసి చేతులు కట్టుకున్నారు. పీరియడ్ మొదలైన కాసేపటికే పాఠం పూర్తి. ముందు బెంచీలో దుర్గ అనే పిల్ల అడిగేసింది.

"టీచరూ, అయిపోనాది కదా. బిస్కట్లు ఇచ్చీండి."

వెనక టీచర్లు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. నరసమ్మగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వీఆర్‌ఎస్ ఖాయమనుకున్నాను. నాకు కోపం, జాలి కలిసి వచ్చాయి. సగం లేచాను కూడా. అంతలో ఆవిడ బోర్డు వైపు తిరిగి, ఏదో గీశారు.

"వాట్ ఈజ్ దిస్?"

ఇది బట్టీలో లేదు. దుర్గ మెడ సాచి చూసి, "లీఫ్, టీచర్," అంది.

"లీఫా? నో! ఫిష్!"

"నో ఫిష్ టీచర్! టెయిల్ నో!"

"టెయిల్ నో? దెన్ యూ కమ్. యూ డ్రా!" ఆవిడకు రోషం వచ్చేసింది.

దుర్గ వచ్చి చాక్‌పీసు లాక్కుని తోక గీసింది, మొప్పలు గీసింది. నరసమ్మగారు బిత్తరపోయి చూసి, "టుడే... యువర్ ఫాదర్ బ్రింగ్ ఫిష్?" అన్నారు.

"టుడే బోట్ నో, టీచర్. విండ్ బిగ్."

"ఓలమ్మా! బోట్ నో? దెన్ వాట్ యూ ఈట్?"

"డ్రై ఫిష్!" అని క్లాసంతా అరిచింది. మూల నుంచి ఇంకొకడు, "టుడే స్కూల్ ఎగ్, టీచర్!" అన్నాడు. నవ్వులే నవ్వులు.

నా పక్కనున్న టీచరమ్మ, "గ్రామరంతా తప్పండీ," అని గుసగుసలాడింది. "కాస్సేపు ఊరుకో తల్లీ," అన్నాను. నాకప్పటికే కళ్లు చెమ్మగిల్లాయి. మా శిక్షణ మాడ్యూల్లో డిస్‌ప్లే క్వశ్చన్ అని ఒక మాట ఉంటుంది. టీచరుకు జవాబు ముందే తెలిసిన ప్రశ్న. అలాంటివి తగ్గించండి, తెలియనివి అడగండి అని ఏళ్లుగా చెబుతూ వచ్చాను. చెప్పడమే గానీ, దాని రుచి నాకు తెలిసింది ఆ రోజే. వాళ్ల ఇంట్లో ఆ పూట ఏం కూరో నరసమ్మగారికి నిజంగా తెలియదు. తెలుసుకోవాలనిపించింది, అందుకే నోరు పెగిలింది.

బెల్లు కొట్టాక బిస్కట్లు పంచారు. దుర్గ తన వాటా తీసుకుని, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.

"టీచర్, టుమారో కమ్?"

"యెస్. కమ్," అన్నారావిడ తడుముకోకుండా.

తిరుగు ఆటోలో నరసమ్మగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"రేపు వొస్తానని అనీసినానండి. ఇంగ్లీషులో అబద్ధమాడ్డం కూడా వొచ్చీసినాది నాకు!"

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. "మరి వీఆర్‌ఎస్ మాటేమిటి?" అన్నాను.

"ఏటి వీఆర్‌ఎస్సండి, ఆ దుర్గ గుంట ఎదురుసూస్తాది కదా," అన్నారు. ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను.

అప్పటి నుంచి నేను ఏ శిక్షణకు వెళ్లినా మొదటి రోజే ఒక పని అప్పజెబుతాను. మీకు జవాబు తెలియని ప్రశ్న ఒక్కటి మీ క్లాసులో అడిగి, పిల్లలు ఏం చెప్పారో వచ్చి నాకు చెప్పండి అంటాను. చాలామందికి అదే అన్నిటికంటే కష్టమైన పని.

మరుసటి వేసవిలో బదిలీలు వచ్చాయి. బస్సు దిగి ఆటో ఎక్కి వెళ్లాల్సిన ఆ సముద్రపొడ్డు బడిని ఎవరూ కోరుకోరు. నరసమ్మగారు కోరి కోరి అదే పెట్టుకున్నారు. బడిలో చేరిన రోజు సాయంత్రం ఫోన్ చేశారు. దుర్గ ఇప్పుడు ఐదో తరగతి. గేటు దగ్గర ఈవిడను చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసిందట.

"ఏటందో తెలుసాండీ? 'టీచర్, యూ టుమారో సెడ్. వెరీ లేట్!' అన్నాదండి!"

"మరి మీరేమన్నారు?"

"ఏటంటానండి! 'సారీ' అన్నాను. బట్టీ పట్టకుండానే వొచ్చీసినాది."