గేటు దగ్గర నిలబడ్డ ప్రయాణికుడు

సుకుమారికి నోరు ఊరుకోదు. ఉదయగిరిలో అంగన్‌వాడీ టీచరుగా రిటైరయింది కానీ, పిల్లల్ని అదిలించిన ఆ గొంతు మాత్రం ఇంకా రిటైరు కాలేదు. అంత మనిషీ ఆ ఆదివారం సాయంత్రం చర్చిలో మైకు పట్టుకుని గజగజ వణికింది.

వణకదా మరి! ఏటా వార్షికోత్సవం రోజు కథ చెప్పేది ఆమె భర్త వరదయ్య. వీపు మీద పాపాల మూటతో పరలోక పట్టణానికి బయలుదేరిన ప్రయాణికుడి కథ. ఆయన పోయాక దాన్ని ఎవరూ ఎత్తుకోలేదు. ఈసారి నేను చెబుతానని సుకుమారి ముందుకొస్తే, "జనం లేచిపోతే వచ్చే ఏడు నుంచి వీడియో వేసుకుందాం అమ్మా," అన్నాడు పాస్టరు రమేష్‌బాబు. ఆయన కథ తన చేతుల్లో ఆగిపోతుందేమోనని ఆమె బెంగ.

కథలో ప్రయాణికుడు ఇల్లు వదిలి పరిగెత్తాడో లేదో, వెనక నుంచి మాలకొండమ్మ లేచింది. సుకుమారి పక్కింటి మనిషి, గొర్రెలు మేపుకునే కుటుంబం. చర్చికి వచ్చే అలవాటు లేకపోయినా అక్క కథ చెబుతుందని వచ్చి కూర్చుంది.

"ఏందక్కా, పెళ్ళాం బిడ్డల్ని వదిలేసి తానొక్కడే పోయినాడా? ఏం మొగోడు!"

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఇద్దరు వెళ్ళిపోదామని చెప్పులు వెతుక్కుంటున్నారు కూడా. సుకుమారి మైకు కిందికి దించేసింది. చెప్పాపెట్టకుండా నిద్రలోనే వెళ్ళిపోయిన వరదయ్య మీద ఆమె కోపమూ అదే మరి.

మళ్ళీ మాలకొండమ్మే అందుకుంది. "మా ఆయనా ఎండాకాలం జీవాల్ని తోలుకొని ముందు పోతాడులే. మేతా నీళ్ళూ చూసి కబురు పెడితే, మేం సామాన్లు సర్దుకొని ఎనకాల పోతాం. ఈయనా అట్టనే పోయినాడేమో!"

"అట్టనే పోయినాడు!" అంది సుకుమారి, ప్రాణం లేచొచ్చి.

ఇక ఆమెను పట్టేదెవరు? ప్రయాణికుణ్ణి చెరువు బురదలో దించింది. సిలువ దగ్గర మూట దింపించింది. ఆత్మకూరు బజారులో సెల్‌ఫోన్లవాళ్ళూ చీరలవాళ్ళూ చెయ్యి పట్టి లాగితే విదిలించుకుని రమ్మంది. జనం పడీ పడీ నవ్వారు. చివరికి పరలోక పట్టణం గేటు ముందు చావనే ఏరు వచ్చింది.

"దాటినాడు," అంది సుకుమారి. "దాటినాడు గానీ లోపలికి పోలేదు. గేటు కాడ నిలబడి ఎనక్కి చూస్తా ఉండాడు. పెళ్ళాం ఇంకా రాలేదు గదా."

ఒక్కరూ కదల్లేదు. పాస్టరే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నిలబడనీలే అక్కా," అంది మాలకొండమ్మ. "ఆమెకి తొందరేముంది? ఈడ ఇంకా శానా పనుండాది."

సుకుమారి ఏడుస్తూనే నవ్వేసింది. "ఉండాది, ఉండాది," అంది మైకులోనే.