పూతకి ముందు మూడు రోజులు

నీటి ఒత్తిడి చూపే గేజిలో ముల్లు డెబ్బై దగ్గర నిలబడి ఇరవై నాలుగు గంటలయింది. నరసింగరావు దాన్ని వేలితో తట్టి చూశాడు. అద్దం తుడిచి చూశాడు. పక్కకి వెళ్లినట్టే వెళ్లి వెనక్కొచ్చి మళ్లీ చూశాడు. ముల్లు కదల్లేదు.

"మీరు అటు తిరిగినప్పుడు పడిపోయి ఇటు తిరిగేసరికి లేచి నిలబడ్డానికి అదేటి దొంగా బాబూ?" అన్నాడు కూర్మయ్య, బీడీ ముక్క నేలకేసి నలిపి. "సంతకం పెట్టీండి. రైలు టైమైపోతన్నాది."

గోడల్లోని నీటిగొట్టాలు పరీక్షకి నిలిచాయని, పూత వేసుకోవచ్చని రాసిన కాగితం కింద నరసింగరావు సంతకం పెట్టాడు.

అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిది మే నెల, శనివారం మధ్యాహ్నం. నౌపడ స్టేషనుకి మైలు దూరాన ఒక ధర్మసంస్థవాళ్లు పురుళ్ల ఆస్పత్రి కట్టిస్తున్నారు. గోడలు లేచాయి, కప్పు పడింది. ఆ గోడల్లో నీటిగొట్టాలూ, కరెంటు తీగలు పోయే ఇనపగొట్టాలూ పెట్టించి, పంకాలూ దీపాలూ కుళాయిలూ బిగించే పని విజయనగరం కంట్రాక్టరు జగన్నాధానిది. ఆయన తరఫున అక్కడ నిలబడే ఇంజనీరు నరసింగరావు. సోమవారం పొద్దున్నే తాపీవాళ్లు దిగి సిమెంటు పూత వేసేస్తే ఆ గొట్టాల్ని ఇంకెవరూ చూడలేరు. ఆ సంగతే అతన్ని కుదురుగా ఉండనివ్వదు.

విశాఖపట్నంలో ఇంజనీరింగు పాసై ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నాడు. అప్పట్లో పట్టా చేతపట్టుకున్నవాళ్లు చాలామంది అలాగే కూర్చున్నారు. ఈలోగా పెళ్లయింది, కూతురు పుట్టింది. పాపకి నాలుగో నెల నడుస్తుండగా జగన్నాధం పిలిచి ఈ పనిచ్చాడు. పనిలో చేరి మూడు నెలలు. ఇప్పుడు భార్య తాయారు తమ్ముడు చినబాబు కూడా ఇంజనీరింగు పాసయ్యాడు. వాడు రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నరసింగరావు చొక్కాజేబులో నలుగుతోంది. "బావా, మీ కంట్రాక్టరు నాకూ చోటుందంటున్నాడు. టర్బైన్లు చదివి కుళాయిలు బిగించే పనిలోకి రమ్మంటావా, వద్దంటావా? ఉన్నమాట రాయి."

రాయడానికి అతనికి తెలిసినదంతా కూర్మయ్య చెప్పిందే. కూర్మయ్య ఫిట్టరు. అరవై దాటాయి. పదిహేనేళ్లు రంగంలో, అంటే రంగూనులో, గొట్టాలు బిగించి, యుద్ధం వచ్చినప్పుడు అడవులంట నడిచి వచ్చినవాడు. మొదటిరోజు నరసింగరావు చంకలో ప్లానుతో రాగానే ముసలాయన కాగితం వైపు చూడలేదు. "ఈ కుళాయి ఎవులు తిప్పుతారు బాబూ?" అని అడిగాడు. ఎవరు తిప్పితే ఏమిటన్నాడు నరసింగరావు. "నర్సమ్మ తిప్పుతాది. ఆవిడ సేతుల్లో అప్పుడే పుట్టిన బిడ్డుంటాది. మోచేత్తో తిప్పీలాగ పెట్టాల గదా?" ప్లానులో కుళాయి నడుం ఎత్తున, గుండ్రటి పిడితో ఉంది. ఆ సాయంత్రమే నరసింగరావు దాన్ని మార్చి గీశాడు. తరవాత కూర్మయ్య నోటి నుంచి వచ్చిందల్లా నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాడు. తాపీవాడికంటే ముందు రావాలి, వాడు వెళ్లాక వెళ్లాలి. గోడలో ఏది పాతినా కొలత రాసిపెట్టాలి, రేపు మేకు కొట్టేవాడు మనని అడిగి కొట్టడు. అదంతా చినబాబుకి రాసేద్దామనే అనుకున్నాడు.

పాసింజరు విజయనగరం చేరేసరికి పొద్దు వాలింది. ఇంట్లో అడుగుపెడుతూనే నరసింగరావు ఉయ్యాల దగ్గరికి ఉరికాడు. అది నేల మీద ఉంది. దూలానికి కట్టిన తాడు ముడి సడలి, లోపల పాప రెండు కాళ్లూ గాల్లో ఆడిస్తూ తనలో తను ఏదో చెప్పుకుంటోంది.

"తాయారూ! పాప పడిపోయిందే!"

తాయారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. పాపని తడిమి చూసి ఊపిరి పీల్చుకుంది. "పడనేదండీ, జారినాది. సూడండి ఎలా నవ్వుతన్నాదో. మద్దేనం ఇంకా పైకే ఉన్నాది."

"ముడి సరిగ్గా వెయ్యలేదా?"

"నాను ఎయ్యకేటి, మీరొచ్చి ఏసినారా? గోగుతాడు మురికైపోనాదని పొద్దున్న ఉతికి, తడిమీదే కట్టీసినాను. అప్పుడు రాయిలాగున్నాది ముడి. ఎండకి ఆరి వొదులైపోనాది. మా అమ్మ సెప్తానే ఉంటాది, తడినార కట్టకే అని. పనిలో మర్సిపోనాను."

నరసింగరావు పాపని ఎత్తుకుని, రెండో చేత్తో ముడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నార తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. ఇందులో కొత్తేముంది? కానీ నౌపడలో ప్రతి గొట్టం అతుక్కీ కూర్మయ్య చుట్టింది ఈ గోగునారే. వాళ్ల పొలంలో పండి, వాళ్ల ఊరి గెడ్డ నీళ్లలో నాని, ఆయన భార్య గున్నమ్మ చేత్తో దువ్వి పంపిన నార. దానికి సఫేదా, అంటే తెల్లరంగు ముద్ద, పూసి, జడలాగ చుట్టి బిగిస్తాడు. నరసింగరావు పరీక్ష చేసింది గొట్టాల నిండా నీళ్లు నింపి, ఆ నార తడిసి ఉబ్బిన తరవాత.

నౌపడలో గొట్టాలు ఎప్పుడూ నిండుగా ఉండవు. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. మంచినీళ్లు దూరాన ఉన్న బావి నుంచి పంపుతో రావాలి. ఎండల్లో ఆ బావి మూడురోజులకోసారి గాని ఊరదు. ఆ మూడు రోజులూ గొట్టాలు ఖాళీగా పడి ఎండుతాయి. ఆ తరవాత నీళ్లు వదిలితే? పసిపిల్లల గదిలో నీటిగొట్టం అతుకు కిందే, మూరెడు దూరంలో స్విచ్చి బోర్డు పెట్టె ఉంది.

"పాప మీ సేతుల్లో ఉన్నాది గానీ మీరు ఊళ్లో నేరు," అంది తాయారు.

మర్నాడు ఆదివారం. కాఫీ అయినా తాగకుండా సంచీ భుజాన వేసుకున్నాడు.

"వారానికో పూట పిల్లని సూస్తారు. అది కూడా గొట్టాలకేనా? ఆటిని కూడా తెచ్చీండి, ఉయ్యాల్లో ఏసి ఊపుతాను," అంది తాయారు. అని, అతని మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏటైనాది?"

"నేను సంతకం పెట్టేశాను తాయారూ. పెట్టకూడని చోట పెట్టాను."

నౌపడలో కూర్మయ్య షెడ్డు నీడన కూర్చుని నార దువ్వుకుంటున్నాడు. నరసింగరావు చెప్పిందంతా తల వంచుకుని విని, దువ్వెన పక్కన పెట్టాడు.

"మీ ఆడమనిసి ఉయ్యాల జారిందని నా అతుకులు కారతాయంటారేటి?"

"కారతాయని కాదు. చూద్దామంటున్నాను."

"పదేనేళ్లు రంగంలో ఈ సేతుల్తోనే బిగించినాను. మనూరి నారే తెప్పించుకునీవోణ్ని. ఒక్క అతుకు, ఒక్కటంటే ఒక్కటి కారనేదు. దొరలే సెబాసన్నారు. నిన్న పాసైన మీరు..." అని ఆపేశాడు. ఆ వాక్యం మిగతా సగం ఇద్దరికీ వినిపించింది.

 ఈ మనిషి లేకపోతే మూడు నెలల్లో నరసింగరావు పది తప్పులు చేసి ఉండును. అయినా అడిగాడు. "రంగంలో గొట్టాలు ఎప్పుడైనా ఎండేవా?"

"ఎండడమేటి? ఆరు నెల్లు వానే, మిగతా ఆర్నెల్లూ కుళాయిల్లో నీళ్లాగనేదు. ఆ ఊళ్లో మనిసే ఎండడు, గొట్టవెలా ఎండుతా..."

 కూర్మయ్య చేతిలో నార వైపు చూశాడు. తరవాత లేచి, రెంచి తీసుకుని పసిపిల్లల గదిలోకి నడిచాడు. నీళ్లు దింపి, ఒక అతుకు విప్పి, నార ఒలిచి పారేశాడు. గొట్టం మీద మరలు సగం లోతే పడి ఉన్నాయి. మిగతా సగం నారే నింపింది.

"మరలు కోసీ డై అరిగిపోనాది," అన్నాడు కూర్మయ్య. "మార్చమని కంపెనీకి రెండుసార్లు కబురెట్టినాను. రానేదు. నారున్నాది గదా, అదే బిగుస్తాది అనుకున్నాను."

"ఈ ఒక్క అతుకు చూపిస్తే జగన్నాధంగారు ఒప్పుకోరు."

"ఒప్పుకోరు. మొత్తం దింపీసి ఎండనియ్యాల. మూడు రోజులు."

సోమవారం తెల్లారేసరికి తాపీమేస్త్రి గంగులు మనుషుల్ని వేసుకుని దిగాడు. తొమ్మిదింటికి జగన్నాధం జీపొచ్చింది. పూత మొదలవలేదని చూసి ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. అది ఆయనకి కోపమొచ్చిన గుర్తు.

"శనివారం పూత ఏసుకోమని సంతకం పెట్టినావు. సోమారం ఒద్దంటన్నావు. ఏ నరసింగరావు మాట నమ్మమంటావయ్యా?"

"ఇవాళ్టివాడి మాట నమ్మండి. శనివారంవాడు తడి గొట్టాన్ని చూశాడండి. ఎండిన గొట్టాన్ని చూడలేదు."

"పన్నెండు రోజుల్లో ప్రారంభం. పెద్దలొస్తారు. ఆళ్లకి ఒట్టి గోడలు సూపించమంటావా?"

"పూతేసిన గోడ మళ్లీ పగలగొట్టి చూపించడం కంటే..."

"కాలేజీ కబుర్లు నాకు సెప్పకు." జగన్నాధం కూర్మయ్య వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు కూర్మయ్యా. నీ పని కారతాదా?"

కూర్మయ్య గోడకేసి చూస్తూ అన్నాడు. "బాబు సూడమంటన్నాడు. సూస్తే పోతాది."

జగన్నాధం తలపాగా మళ్లీ పెట్టుకున్నాడు. "బుధవారం సాయంకాలం దాకా ఆగుతాను. కారిందా, సరే. కారనేదా, బేస్తారం నుంచి నువ్వు రానక్కర్లేదు నరసింగరావూ. గోడల్ని అనుమానించే ఇంజనీరు నాకొద్దు."

ఆ మూడు రోజులూ నరసింగరావు కాలు ఒకచోట నిలవలేదు. గొట్టాల చివరలు తీసి గాలి ఆడనిచ్చాడు. గంటకోసారి గదులన్నీ తిరిగి గోడ మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. తను బిగింపించిన గొట్టాలు కారాలని తనే కోరుకుంటున్నాడు. అది తెలిసి సిగ్గుపడేవాడు. కారకపోతే మళ్లీ ఆ ఖాళీ రోజులు, పాప పాలడబ్బా, మామగారి చూపులు. కారితే కూర్మయ్య ముఖం ఎలా చూడడం? రెంటిలో ఏదీ నిద్ర పట్టించేది కాదు.

"బాబుగారూ, గోడకి జొరమేటి, సెయ్యి పట్టి సూస్తన్నారు?" అని గంగులు అరిస్తే అతని మనుషులంతా నవ్వేవారు. "కషాయం కాసీమంటారా?"

కూర్మయ్య మాత్రం నవ్వలేదు. ఏ అతుకు ఏ రోజు బిగించాడో గుర్తుచేసుకుంటూ ప్లాను మీద పెన్సిలుతో సున్నాలు చుడుతూ కూర్చున్నాడు. డై ఎప్పటి నుంచి అరిగిందో ఆయనకి తెలుసు.

బుధవారం నాలుగింటికి నీళ్లు వదిలారు. జగన్నాధం వచ్చి నిలబడ్డాడు. కూర్మయ్యే పంపు కొట్టాడు. ముల్లు పైకి లేచి డెబ్బై దగ్గర ఆగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. కదల్లేదు. గంగులు దగ్గాడు. జగన్నాధం తలపాగా మీద చెయ్యేశాడు. 

ముల్లు అరవై ఎనిమిది అయింది. తరవాత అరవై. ఆ తరవాత కళ్లముందే జారిపోయింది.

"ఇటు రండి!" అని పసిపిల్లల గదిలోంచి గంగులే కేకేశాడు. అతని గొంతులో ఎగతాళి లేదు. అతుకు దగ్గర నీరు సన్నగా చిమ్మి, ఇటుకల మీద దారి చేసుకుని, స్విచ్చి బోర్డు కోసం పెట్టిన పెట్టెలోకి చుక్కచుక్కగా దిగుతోంది. ఆస్పత్రి మొత్తం మీద పదకొండు అతుకులు కారాయి. తొమ్మిది కూర్మయ్య సున్నా చుట్టినవే.

జగన్నాధం ఆ పెట్టెలో వేలు పెట్టి తడి చూసుకున్నాడు. "దీంట్లో తీగలుండీవి గదా?" అన్నాడు.

"ఉండేవండి."

"ఏ సైజు డై కావాలో రాసియ్యి. రేపొద్దున్న విశాఖపట్నం మనిసిని పంపుతాను." జీపెక్కబోతూ ఆగాడు. "శనివారం సంతకం పెట్టేముందు ఇది తట్టుంటే నా మూడు రోజులు మిగిలీవి. అది కూడా గుర్తుంచుకో."

మర్నాడు రాత్రికి కొత్త డై వచ్చింది. కూర్మయ్య ప్రతి గొట్టానికీ మళ్లీ పూర్తి లోతున మరలు కోశాడు. నార రెండు పోగులకి మించి చుట్టలేదు. "మర పట్టాల. నార సందు మూస్తాది, అంతే," అని ఎవరికీ కాకుండా అన్నాడు. ఈసారి నీళ్లు నింపి చూసి, దింపి మళ్లీ మూడు రోజులు ఎండనిచ్చి చూద్దామన్నది ఆయనే. ముందు నీటిగొట్టాలు లేని గదులకి పూత వేసుకోమంటే గంగులు సణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఎండిన గొట్టాల్లోకి మళ్లీ నీళ్లు వదిలి ముల్లు డెబ్బైకి ఎక్కించాక, దాని ముందు స్టూలేసుకుని నరసింగరావు చినబాబుకి ఉత్తరం మొదలుపెట్టాడు. చేరమని రాశాడు. టర్బైను చదువు ఇక్కడ వృథా పోదని, కానీ కుళాయి తిప్పే మనిషి చేతిలో ఏముంటుందో ఆ చదువులో లేదని, అది ఫిట్టర్లని అడగాలని రాశాడు. కొలతలు రాసుకోమని, తాపీవాడికంటే ముందు రమ్మని రాశాడు.

కూర్మయ్య పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. "నా పేరు రాసినారా?"

"రాశాను. ఇవన్నీ మీరు చెప్పారనే రాశాను."

"నారతో తప్పు సేసినానని రాసినారా?"

నరసింగరావు కలం ఆపాడు. "లేదు."

"రాయండి. నేకపోతే ఆ బాబు ఇక్కడికొచ్చి, ముసిలోడు సెప్పినాడు గదాని అన్నిటికీ తలూపీగల్డు."

నరసింగరావు రాశాడు. దాని కిందే, ముందు సంతకం పెట్టినవాణ్ని నేనని, మీ అక్క కట్టిన ఉయ్యాల జారకపోతే పూత పడిపోయి ఉండునని రాశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచి, ముల్లు దగ్గరికి వెళ్లి అద్దం తుడిచి చూశాడు. డెబ్బై దగ్గరే ఉంది. ఈసారి ముసలాయన వేళాకోళం చెయ్యలేదు. వెనకాలే వచ్చి, అతని భుజం మీంచి వంగి తనూ చూశాడు.